వాలంటీరు నంబర్ ఒకటి

దరఖాస్తు మూడోసారి వెనక్కొచ్చింది. ఈసారి మొదటి పేజీలో తెలుపు కంటే ఎరుపే ఎక్కువ కనిపిస్తోంది.

మనవాడికి ఒళ్ళు మండిపోయింది. ఎనిమిదేళ్ళు చదివి, నాలుగేళ్ళు ల్యాబులో ఎలుకలతో కాపురం చేసినంత పని చేసి, అదంతా పన్నెండు పేజీల్లోకి కుదించి పంపిస్తే, పరిశోధనలకి డబ్బులిప్పించే గ్రాంట్స్ ఆఫీసులో ఎవరో కూర్చుని బడిపిల్లల నోటుబుక్కు దిద్దినట్టు దిద్దుతారా? కాగితాలు చుట్టి పట్టుకుని రెండంతస్తులు దిగాడు. మెట్లు దిగుతూ నాలుగు ఘాటైన మాటలు సిద్ధం చేసుకున్నాడు. తలుపు దగ్గరికి వచ్చేసరికి అవి రెండయ్యాయి. లోపల దరఖాస్తులు దిద్దే అమ్మాయి తలెత్తి చూసేసరికి ఒక్కటీ మిగల్లేదు.

మనవాడి సంగతే అంత. నోట్లోంచి మాట బయటికి రావాలంటే ముందు గొంతులో కాసేపు తచ్చాడాలి. ల్యాబులో అందరూ 'గొణుగుడు డాక్టరు' అనేవాళ్ళు. ఆ అమ్మాయికీ ఒక పేరుంది, 'ఎర్రపెన్ను'. ఆమె చేతుల్లోంచి పచ్చిగాయాలు లేకుండా బయటపడ్డ దరఖాస్తు ఆ సంస్థలో ఒక్కటీ లేదు.

"ఇది... ఎందుకు కొట్టేశారో అడుగుదామని..." అన్నాడు.

"మొదటి వాక్యం చదవండి. కాస్త గట్టిగా."

చదివాడు. "పురుష ప్రజనన వ్యవస్థ యందలి కణోత్పత్తి ప్రక్రియను తాత్కాలికముగా నియంత్రించు హార్మోను సమ్మేళన లేపనము యొక్క ప్రాథమిక మూల్యాంకనము." సగంలోనే ఊపిరి తీసుకోవాల్సొచ్చింది.

"అర్థమైందా?"

"నేనే కదండీ రాసింది."

"మీకు కాదు. మీ వెనకాల ఉన్నాయనకి."

వెనక్కి తిరిగి చూస్తే, మంచినీళ్ళ ఫిల్టరు బాగుచేసే ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏదో మిషనుకి వేసే రంగు గురించి అనుకున్నానమ్మా అన్నాడాయన, చాలా మర్యాదగా.

ఆ గదికో పద్ధతుంది. ఏ దరఖాస్తయినా ఆ విద్యతో సంబంధం లేని మనిషికి పైకి చదివి వినిపించాలి. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ ఆ మనిషి చెయ్యెత్తుతాడు, అక్కడ ఎర్రపెన్ను పడుతుంది. డబ్బు ఇచ్చే కమిటీలో ఏడుగురుంటే అందులో ముగ్గురు సైంటిస్టులు కారు, మామూలు మనుషులు. వాళ్ళకి అర్థం కానిదానికి వాళ్ళు ఓటెయ్యరు. ఇదంతా వివరించి, అసలు ఈ మందేమిటో మామూలు మాటల్లో చెప్పమని అడిగిందామె.

మనవాడు పైకప్పు వంక చూశాడు. ఫ్యాను వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మగవాళ్ళు రోజూ పొద్దున భుజానికి రాసుకునే మందండీ. రాసుకున్నన్నాళ్ళూ పిల్లలు పుట్టరు. మానేస్తే కొన్ని నెలలకి మళ్ళీ మామూలే."

"అదే రాయండి."

"అలా రాస్తే మరీ... పచ్చిగా ఉండదా?"

"ఈ మందు మగవాళ్ళ చేత వాడించాలనుకుంటున్నారు. దాని పేరెత్తడానికి మీకే ఇంత సిగ్గయితే వాళ్ళేం వాడతారండీ?"

పెదవులు నవ్వలేదు గానీ కళ్ళు నవ్వాయి. మనవాడు ఆ కళ్ళని చూశాడు. చుట్టిన కాగితాలు మళ్ళీ చుట్టుకుని మెట్లెక్కాడు. ఘాటైన మాటలు సిద్ధం చేసుకున్న సంగతి అతనికి మూడో అంతస్తులో గుర్తొచ్చింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం నాలుగింటికి దిగి వచ్చేవాడు. అతను చదివేవాడు, ఆమె ఎవర్నో ఒకర్ని పిలిచి కూర్చోబెట్టేది. తోటమాలి, లిఫ్టు మెకానిక్కు, క్యాంటీన్లో కప్పులు కడిగే పెద్దావిడ. పెద్దావిడ మొత్తం విని, ఇదేదో నలభై ఏళ్ళ కిందటే కనిపెట్టి ఉండాల్సింది నాయనా అని కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఒకరోజు వినేవాళ్ళెవరూ దొరకలేదు. ఆమే మూడో పేజీ మొత్తం కొట్టేసి, అసలు మీకీ పిచ్చి ఎలా పట్టిందని అడిగింది. మనవాడు గొణక్కుండా చెప్పిన మొదటి సంగతి అదే. వాళ్ళ వదిన ఏళ్ళ తరబడి పిల్లలు పుట్టకుండా మాత్రలు మింగింది. ఒకనాడు కాల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల దాకా వెళ్ళింది. బతికి బయటపడింది గానీ, ఆ మూడు రోజులూ అన్నయ్య ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఒకటే మాట అనుకున్నాడు, 'నాకేదైనా మందుంటే నేనే వేసుకునేవాణ్ణి కదరా' అని. అప్పుడు మనవాడికి పందొమ్మిదేళ్ళు.

ఆమె పెన్ను కింద పెట్టేసింది. ఈ మాట దరఖాస్తులో ఎందుకు లేదని అడిగింది. అది సైన్సు కాదు కదండీ అన్నాడు. ఆమె అతని వంక చూసిన చూపులో కోపం లేదు, జాలీ లేదు. అదేమిటో తెలుసుకోవాలని మనవాడికి గట్టిగా అనిపించింది. ప్రేమలో పడ్డాడు, ఇంకేముంది. అయితే ఆమెకి చెప్పని సంగతి ఒకటుంది.

మనవాడు ఆ మందు తనే రాసుకున్నాడు.

గత ఏడాది, పదకొండు రోజులు. అందులోని రెండు మందులూ వేరే జబ్బులకి ఎప్పట్నుంచో వాడుతున్నవే. ముందు నా ఒంటిమీద చూడకుండా పరాయివాళ్ళకి ఎలా ఇస్తాను అనుకున్నాడు. ఉద్దేశం మంచిదే, కానీ పని తప్పు. మనుషుల మీద ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఇవ్వకముందు ఎవరికీ ఇవ్వకూడదు, తనకి తానూ ఇచ్చుకోకూడదు. విచిత్రమేమిటంటే, దొంగతనం కూడా పద్ధతిగా చేసే మనిషి కాబట్టి, అంగీకారపత్రం నింపాడు. వాలంటీరు నంబర్ ఒకటి అని రాసి, వాలంటీరుగా ఒక సంతకం, డాక్టరుగా ఒక సంతకం పెట్టి డ్రాయరు అడుగున దాచాడు. పన్నెండో రోజున భయం వేసి మానేశాడు.

దరఖాస్తులో ఒక నిబంధన ఉంది. ఈ మందు వాడబోయే మనుషులు కనీసం ఎనిమిదిమందితో మాట్లాడి, వాళ్ళన్న మాటలు ఉన్నదున్నట్టు జతచెయ్యాలి. మనవాడికి ల్యాబు బయట తెలిసిన మగవాళ్ళు అన్నయ్య, ఇస్త్రీ షాపతను. గడువు ఇంకా మూడు రోజులుంది. ఎర్రపెన్ను కాసేపు ఆలోచించి, రేపు మధ్యాహ్నం నాతో రండి అంది.

ఆ అమ్మాయి వాళ్ళ నాన్న బస్సు డిపోలో హెడ్ మెకానిక్కు. భోజనాల వేళకి షెడ్డులో తొమ్మిదిమంది టైర్ల మీదా డబ్బాల మీదా కూర్చున్నారు. చేతులకి గ్రీజు. మనవాడు తెల్లచొక్కా వేసుకొచ్చాడు, అది మొదటి పొరపాటు. 'పురుష ప్రజనన' అని మొదలుపెట్టాడు, అది రెండోది. ఆమె వెనకనుంచి దగ్గింది. అతను ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. భుజం, మందు, పిల్లలు, మానేస్తే మామూలు. నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

ముందు నవ్వులు. తర్వాత ప్రశ్నలు. మీసాలు ఊడతాయా అని ఒకరు, బరువులెత్తగలమా అని ఒకరు. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు, తెలియనివి తెలియవన్నాడు. వెల్డరు మాత్రం నవ్వలేదు.

"రాసుకున్నానని నేను చెప్తే మా ఆవిడ నమ్మాలి కదా సార్? తేడా వస్తే కడుపు నాకు రాదు, ఆవిడకి వస్తుంది."

"నువ్వు కూరలు తెచ్చానంటేనే సంచి దులిపి చూస్తుంది మీ ఆవిడ," అన్నాడు పక్కనున్న ఎలక్ట్రీషియను. మళ్ళీ నవ్వులు. మనవాడు ఆ ప్రశ్న రాసుకున్నాడు. దాని కింద రెండు గీతలు గీసుకున్నాడు.

హెడ్ మెకానిక్కు టిఫిన్ డబ్బా మూత పెట్టి, మనవాడి మొహంలోకి చూశాడు.

"నువ్వు రాసుకున్నావా బాబూ?"

ఔనంటే దరఖాస్తు పోతుంది. వెనకాల ఆమె ఉంది, ఆమె చేతిలో నోటుబుక్కు ఉంది, ప్రతి మాటా రాస్తోంది.

"లేదండి," అన్నాడు.

ఆయన తలూపాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే, నేలవంక చూస్తూ మాట్లాడాడు.

"మాకు రెండో బిడ్డ పుట్టాక ఆపరేషన్ చేయించాం. చేయించాం అంటున్నాను గానీ, చేయించుకుంది మా ఆవిడ. నీకైతే పావుగంట పని, మర్నాడు లేచి తిరుగుతావు అని డాక్టరు నాకే చెప్పాడు. నేను సెలవు దొరకదన్నాను. ఆవిడ కుట్లు చీముపట్టి రెండు నెలలు మంచం మీద ఉంది." డబ్బా మూత మరోసారి నొక్కాడు. "సెలవుంది. నాకు భయమేసింది, అంతే. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు."

ఆమె రాయడం ఆపేసింది. రెండో బిడ్డ ఆమే.

బయటికొచ్చేసరికి వాన పట్టుకుంది. ఇద్దరూ టికెట్ కౌంటరు చూరు కింద నిలబడ్డారు. నీళ్ళు వాళ్ళ చెప్పుల మీద చిందుతున్నాయి. ఆమె ఎటో చూస్తోంది. మనవాడి జీవితంలో ఇంత దగ్గరగా ఇంత అందమైన వాన రాలేదు. కానీ అతను వాన చూడటం లేదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి పదిమంది ముందు నిజం చెప్పాడు, అదీ మనవాడి అబద్ధం విన్నాక.

"మీ నాన్నగారికి నేను అబద్ధం చెప్పాను," అన్నాడు. గొణగలేదు.

మొత్తం చెప్పాడు. పదకొండు రోజులు, డ్రాయరు, రెండు సంతకాలు. ఆమె మొదట నమ్మలేదు.

"అంగీకారపత్రం నింపారా? మీకు మీరే?"

"రిస్కులన్నీ నాకు నేనే వివరించాను. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగాను. లేవన్నాను."

ఇంకెప్పుడైనా అయితే ఆమె పడీపడీ నవ్వేది. ఇప్పుడు మొహం పాలిపోయింది.

"నాకెందుకు చెప్పారండీ? ఎవరికీ తెలియదు కదా. రేపు పంపించేసేవాళ్ళం. ఇప్పుడు నాకు తెలిసింది. తెలిసీ నేను ఊరుకుంటే నాదీ తప్పే."

"తెలుసు."

"ఈ దరఖాస్తు పోతే మీ పని ఆగిపోతుంది. మీ పోస్టు కూడా ఉండకపోవచ్చు. మరి ఎందుకు చెప్పారు?"

"మీరు నా పేజీలన్నీ చదివారు. ఇదొక్కటే చదవలేదు," అన్నాడు.

ఆమె నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది. రేపు పదింటికి నేను ఎథిక్స్ కమిటీ ఆఫీసుకి వెళ్తాను, అప్పటికి మీరు వెళ్ళకపోతే నేనే చెప్పాల్సొస్తుంది అంది. అని, ఆ వానలోనే గొడుగు తెరవకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు ఎనిమిదింటికి, గది తాళం తీయకముందే మనవాడు కమిటీ ఆఫీసు గుమ్మంలో ఉన్నాడు. చేతిలో డ్రాయరు కాగితం. కమిటీ పెద్ద ఒక రిటైరైన సర్జను, తెల్లజుట్టావిడ. ఆ కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కేకలెయ్యలేదు. దరఖాస్తు వెనక్కి తీసుకో, ఆర్నెల్లు నీ పేరు మీద ఏ ప్రయోగమూ నడవదు, ఇవాళే వెళ్ళి ఒళ్ళంతా పరీక్ష చేయించుకో, ఇది నీ రికార్డులో ఉంటుంది అంది. మనవాడు దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టి ఇచ్చాడు. నాలుగేళ్ళ పని అయిదు నిమిషాల్లో మూతపడింది. మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాడు, సిగ్గుపడకుండా.

తర్వాత డిపోకి వెళ్ళాడు. హెడ్ మెకానిక్కు ఒక బస్సు కింద పడుకుని ఉన్నాడు, రెండు కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. మనవాడు ఆ కాళ్ళకే చెప్పుకున్నాడు, నిన్న మీకు అబద్ధం చెప్పానండీ అని. స్పానరు చప్పుడు ఆగింది. ఆయన మెల్లిగా బయటికి జరిగి లేచి కూర్చున్నాడు.

"మా అమ్మాయికి తెలుసా?"

"ముందు ఆవిడకే చెప్పానండి."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలూ.

"సెలవు సంగతి నిన్న ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. నాకు అప్పుడే తెలుసు అంది. ఇన్నేళ్ళూ తెలిసే ఊరుకుంది బాబూ. మరి అడగలేదేం అంటే, నువ్వెప్పుడు చెప్తావో చూద్దామనుకున్నాను అంది." ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "నువ్వు ఒక్క రాత్రికే వచ్చావు. నాకంటే నయం."

ఆర్నెల్లు మనవాడు కొత్తగా చేరినవాళ్ళకి మైక్రోస్కోపు చూడటం నేర్పాడు. డైరెక్టరు దయతలిచి ఆ పని ఇచ్చాడు. రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. మొదటి నెల ఎర్రపెన్ను మాట్లాడలేదు. రెండో నెలలో ఒకరోజు సాయంత్రం నాలుగింటికి, అతని వదిన గురించి ఒక్క పేజీ రాసి తెమ్మని చీటీ పంపింది. తెచ్చాడు. మళ్ళీ చదవడాలు, మళ్ళీ దిద్దడాలు. పదకొండు రోజుల సంగతి కూడా దరఖాస్తులో రాయాలందామె, ఎవరో అడిగాక చెప్పడం కాదు, మీరే ముందు చెప్పాలి అంది. రాశాడు. ఆ పేజీలో మాత్రం ఆమె ఒక్క అక్షరమూ కొట్టెయ్యలేదు. టీ చల్లారిపోయేదాకా మాట్లాడుకునేవాళ్ళు, పని గురించీ, పని కానివాటి గురించీ. మనవాడు ల్యాబులో ఈల వేస్తున్నాడని ఫిర్యాదు కూడా వచ్చింది.

కొత్త దరఖాస్తు గడువు దగ్గరపడ్డ వారం, నాలుగింటికి దిగేసరికి ఆమె బల్ల మీద అతని ఫైలు లేదు. పక్క బల్ల పెద్దమనిషి దగ్గరుంది.

"ఇక మీ ఫైలు నేను చూడను," అందామె, కాగితాలు సర్దుకుంటూ. "ఫలితం వచ్చేదాకా మనం కలుసుకోకపోవడం మంచిది."

"నేనేమైనా..."

"ఏమీ లేదు. దయచేసి అడగొద్దు."

మనవాడు మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఇంకేముంటుంది కారణం? అబద్ధమాడినవాడి పేరు పక్కన తన పేరు పెట్టుకోవడం ఆమెకి ఇష్టం లేదు. ఆర్నెల్లు ఓపిక పట్టింది, అంతే. ఆరువారాలు ఆ అంతస్తు మెట్లు దిగలేదు. ఈల మానేశాడు.

ఇంటర్వ్యూకి ఒక్కడే వెళ్ళాడు. డబ్బిచ్చే కమిటీ ఏడుగురిలో ఒకావిడ, స్కూల్లో లెక్కలు చెప్పే టీచరట, వెల్డరు అడిగిందే అడిగింది. మగవాడు రాసుకున్నానని చెప్తే ఆడమనిషి ఎందుకు నమ్మాలి? మనవాడు చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"ఊరికే నమ్మక్కర్లేదండి. ఇన్నాళ్ళూ మేం ఆ బరువు మొయ్యలేదు, కాబట్టి నమ్మించుకోవాల్సింది మేమే. మందు పనిచేస్తుందా లేదా నేను ల్యాబులో తేల్చగలను. మగవాడు నిజం చెప్తాడా లేదా అన్నది ల్యాబులో తేలదు. మా అధ్యయనంలో వాలంటీర్లనే కాదు, వాళ్ళ భార్యల్నీ ప్రతి నెలా విడిగా అడుగుతాం."

టీచరు ఏదో రాసుకుంది. నవ్విందో లేదో తెలియలేదు.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. మంజూరైంది. వాలంటీర్ల బాధ్యత వేరే సీనియర్ డాక్టరు చూడాలన్న షరతు ఉంది, అది న్యాయమే. ల్యాబంతా అతన్ని ఎత్తి కుదేసింది. అన్నయ్యకి ఫోన్ చేస్తే వదిన ఎత్తింది, విషయం విని ఫోను అన్నయ్యకిచ్చేసింది. అందరి సందడీ అయ్యాక మనవాడు రెండంతస్తులు దిగాడు. థాంక్స్ చెప్పి వచ్చేద్దామనుకున్నాడు.

ఆమె లేచి నిలబడింది. వార్త ఆమెకి ముందే తెలుసు, కళ్ళు చూస్తేనే తెలుస్తోంది.

"మీరు నా ఫైలు ఎందుకు వదిలేశారో నాకు అర్థమైందండీ. కోపం లేదు," అన్నాడు.

"మీకేం అర్థం కాలేదు," అని ఆమె సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

అది ఆఫీసు ఫారమే. దరఖాస్తు పెట్టినవాళ్ళ మీద ఉద్యోగికి ఏదైనా ప్రత్యేకమైన అభిమానమో శత్రుత్వమో ఉంటే రాసిచ్చి, ఆ ఫైలు వదులుకోవాలట. కింద ఆఫీసరు సంతకం, ముద్ర. 'వివరం' అన్న గడిలో ఆమె చేతిరాత, ఒక్కటే మాట: ఇష్టం.

మనవాడు ఆ మాట మూడుసార్లు చదివాడు. తర్వాత పక్క గడి చూశాడు. 'ఎప్పటి నుంచి' అని ఉంది. అక్కడ తేదీ వేసి ఉంది. ఆ తేదీ అతను జన్మలో మర్చిపోలేడు. కమిటీ ఆఫీసులో దరఖాస్తు వెనక్కి తీసుకున్న రోజు.

"ఆ రోజు మనం అసలు కలుసుకోలేదు కదా," అన్నాడు.

"లేదు. పదింటికి నేను వెళ్ళాను. మీరు ఎనిమిదింటికే వచ్చి చెప్పి వెళ్ళారని అన్నారు. వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాను." ఆమె బల్ల మీది కాగితం అంచు సరిచేసింది. "ఎవరేం చెప్పినా సరిచూసుకోవడమే నా ఉద్యోగం. ఈ మనిషి చెప్పింది ఇక సరిచూసుకోనక్కర్లేదు అనిపించింది. నాకు భయమేసింది."

"మరి నాకు చెప్పొచ్చు కదండీ. ఈ ఆరువారాలూ నేను..."

"మీ దరఖాస్తు లేనన్నాళ్ళూ ఫరవాలేదనుకున్నాను, మళ్ళీ పెట్టే వారం ఇది రాసిచ్చాను. మీకు చెప్తే మీ ఫైలుకి మచ్చ. పైగా చెప్పాక మీరు ఇంటర్వ్యూలో నోరు తెరిచేవారేనా?"

తెరిచేవాడు కాదు, నిజమే. ఇప్పుడు కూడా నోరు తెరవడం కష్టంగానే ఉంది. కానీ ఈ ఒక్కమాట ఎవరి చేతా దిద్దించుకోకుండా చెప్పాలనుకున్నాడు.

"నాకూ మీరంటే చాలా ఇష్టం. మీకంటే ముందునుంచే."

"తేదీ?" అందామె, కళ్ళు తుడుచుకుంటూ.

వదిన గురించి చెప్పిన రోజు అన్నాడు. ఆమె నుదురు ముడిచి గుర్తుచేసుకుంది.

"ఆ రోజు నేను మీ మూడో పేజీ మొత్తం కొట్టేశాను."

"అవును," అన్నాడు మనవాడు. "ఆ రోజే."